వెనక రేకు మీద దెబ్బ

“పాట గట్టిగా రావాల. ఎనక రేకు మీద కొడితే ఆ దెబ్బా ఇనపడాల. అలాటి సెట్టు ఉన్నాదేటి, సెప్పల్లుడా?”

డేవిడ్‌రాజుకి నవ్వొచ్చింది. నరసన్నపేట హైవే పక్కన అతను ఈ సౌండు సిస్టమ్‌ల కొట్టు పెట్టినప్పటి నుంచి డ్రైవర్లందరూ అడిగేది ఒకటే, బయటి చప్పుడు లోపలికి రాకూడదని. రావాలని అడిగిన మనిషిని చూడడం ఇదే మొదలు.

“బేసు కావాలంతావు, సవగ్గా కావాలంతావు, మల్లీ రేకు సప్పుడూ కావాలంతావు. పాటలింతావా మావా, కాపలా కాస్తావా?”

గంగులు నవ్వలేదు. కొట్టు ముందు ఆపిన తన చిన్న ట్రక్కు కేసి చూశాడు. చేపల బండి అది. తెల్లారగట్ల ఊళ్లో ఆడవాళ్లు బుట్టలతో సహా వెనక టార్పాలిన్ కింద ఎక్కుతారు, రాజాం మార్కెట్లో దిగుతారు. దారిలో ఎవరికి ఏ అవసరమొచ్చినా క్యాబిన్ వెనక రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేస్తారు. బండి ఆగాలి, అంతే. సెల్‌ఫోన్లు వచ్చినా ఆ పద్ధతి మారలేదు. చేపల చేత్తో ఫోను ఎవరు తీస్తారు?

బుట్టలవాళ్లందరికీ పెద్ద గున్నమ్మ. బేరం తేల్చడానికి తనూ వెంట వచ్చి కొట్టులో బల్ల మీద కూర్చుంది. 

“ఏటి సెప్పమంతావు బాబూ! పాటల్లేక ఈడికి స్టీరింగు మీదే కునుకొస్తంది. మొన్న బండి రోడ్డు దిగిపోనాది. దేవుడి దయ, బతికిపోనాం. పాటలెట్టుకో, నేకపోతే ఏరే బండి సూసుకుంతాం అనీసినాం.”

“మరి పాత సెట్టేటయింది?”

“వంశధారలో పారీసినాను,” అన్నాడు గంగులు.

ఎందుకో చెప్పడానికి అతనికి కాస్త సమయం పట్టింది. నిరుడు వానల్లో ఒకరోజు వెనక తన అత్త నారాయణమ్మ ఒక్కత్తే ఉంది. గంగులు క్యాబిన్ అదిరిపోయేలా సౌండు పెంచుకుని, స్టీరింగు మీద తాళం వేసుకుంటూ హుషారుగా పోయాడు. రాజాంలో టార్పాలిన్ ఎత్తితే, ఆవిడ రేకుకి చేరగిలబడి ఉంది. గుండె ఎక్కడ ఆగిపోయిందో ఎవరికి తెలుసు? చెయ్యి మాత్రం ఇంకా రేకు మీదే ఉంది. చేతి వెండి కడియం తగిలి తగిలి అక్కడ రంగంతా లేచిపోయింది.

“కన్నకొడుకునాగ సూసుకున్నాది నన్ను. అన్ని దెబ్బలు కొట్టినాది. ఒక్కటీ ఇనపడ్నేదు,” అన్నాడు గంగులు.

డేవిడ్‌రాజు ముఖంలో నవ్వు మాయమైంది. గున్నమ్మే మాట తేలిక చేసింది.

“అప్పట్నుంచి ఈడి సెవులు రేక్కే అతుక్కుపోనాయి. గోతిలో పడి బుట్టలు తగిలినా ఆపీస్తాడు. మొన్న మడపాం వంతెన మీద ఆపీసి, ఎవులు కొట్టినారని అడుగుతాడు!”

“మీరే కొడతారు, మీరే నవ్వుతారు,” అన్నాడు గంగులు చిన్నబుచ్చుకుంటూ.

డేవిడ్‌రాజు ముందుగా పలకలాంటి ఓ బాక్సు తెచ్చాడు. “సీటు కింద పట్టీస్తాది. యాంప్లిఫయర్ దీన్లోనే ఉన్నాది. నువ్వు లోపల కూకో, నాను ఎనక్కెక్కి కొడతాను. ఇనపడితే హారను కొట్టు.”

గంగులు అద్దాలెత్తి, ఇంజిను వేసి, పాట పెట్టాడు. రేకు మీద అరచెయ్యి ధబ్‌ధబ్‌మంది. హారను కొట్టాడు. అంతవరకూ బాగానే ఉంది కానీ, ఇంజిను మోతలో ఆ పాట దోమ పాటలా ఉంది. 

“దీనికి నిద్దర పోదు, ఇంకా వస్తాది,” అని తేల్చేసింది గున్నమ్మ.

రెండోసారి సీటు వెనక రెండు ఊఫరు స్పీకర్లు, విడిగా ఓ యాంప్లిఫయరు పెట్టాడు డేవిడ్‌రాజు. “పేరున్న కంపినీ కాదు, అందుకే సవక. కానీ గుండెల మీద కొడతాది. దీన్లో నీకు రేకు ఇనపడదు మావా, ముందే సెప్తన్నాను. ఉండు, ఎనకాల ఎర్తు వైరు సరిసేసి కొడతాను.” టార్పాలిన్ కిందికి దూరాడు.

పాట మొదలైంది. ముందద్దం వణికింది. మోత సీటులోంచి వెన్నులోకి పాకింది. సరిగ్గా ఆనాటి మోతే. ఈసారీ వినపడకపోతే? గంగులు కళ్లు మూసుకుని చెవులు రిక్కించాడు.

రెండు దెబ్బలు. స్పష్టంగా వినపడ్డాయి. చివర్న లోహం తగిలిన చప్పుడు కూడా. స్క్రూడ్రైవరుతో కొడుతున్నాడు కాబోలు.

హారను కొట్టాడు. సౌండు ఇంకా పెంచాడు. మళ్లీ రెండు దెబ్బలు. మళ్లీ హారను. పూర్తిగా పెంచేశాడు. అప్పుడూ వినపడ్డాయి. గంగులు ఏడుస్తూ, నవ్వుతూ హారను మీద చెయ్యి తీయకుండా నొక్కేశాడు. ఇంక తన బండిలో ఏ తల్లీ అలా కొట్టి కొట్టి పోదు. ఏడాదిగా గుండెల మీదున్న బరువు దిగిపోయినట్టయింది.

పాట ఆపి కిందికి దూకాడు. “ఇదే బిగించీ అల్లుడా! ప్రతి దెబ్బా ఇనపడ్డాది!”

“హమ్మయ్య! అయితే మేమందరం రేపట్నుంచి నీ బండే,” అంది గున్నమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ.

టార్పాలిన్ పక్కకి నెట్టుకుని డేవిడ్‌రాజు దిగాడు. అతని రెండు చేతులకీ వైరు చుట్టుకుని ఉంది, ఇంకా చిక్కు విడలేదు. గంగులు కేసి వింతగా చూశాడు.

“నానింకా కొట్టనేదు మావా.”