వాతావరణ విభాగంలో ఖాళీ

“వెళ్ళిపో” అన్నాడాయన, ఆమె ఇంకా కూర్చోకముందే.

ఆమె వెళ్ళలేదు. కుర్చీ లాక్కుని మరీ కూర్చుంది. సైన్యంలో చేరతానని బయల్దేరిన పిల్ల ఒక్క మాటకే తోక ముడిస్తే, ఇంటికెళ్ళి వదిన మొహం ఎలా చూస్తుంది?

భర్తీ ఆఫీసంటే మేడ మీద ఒకే ఒక్క గది. గోడ మీద నవ్వుతున్న జవాన్ల పోస్టర్. బల్ల మీద ఫోను. కుర్చీ వీపుకి తగిలించిన యూనిఫారం కోటు. ఆ కుర్చీ అంచున, ఎవరో లేపేస్తారన్నట్టు కూర్చున్నాడు పెద్దాయన. భోజనాల వేళకొచ్చి ఆయన తిండికి అడ్డుపడ్డానేమో అనుకుందామె. ఆకలి మీదున్న మనిషి కరవడానికే చూస్తాడు మరి.

“వాతావరణ విభాగం సార్. దరఖాస్తుకి ఇవాళే ఆఖరన్నారు.”

ఆ మాట వినగానే ఆయన మొహం మాడిపోయింది.

“తుపాకీ పట్టుకో. లారీ తోలు. వంటశాలలో గరిటె తిప్పు. ఈ గాలీవానా పని మాత్రం అడక్కు.”

“నాకు కావాల్సింది అదే.”

“దేనికి?”

దేనికో ఇంట్లోనూ అడిగారు. మేఘాల్ని చూస్తూ నడిచి గోడలకి గుద్దుకున్న పిల్ల ఏమని చెబుతుంది? అన్నయ్య ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. వదిన మాత్రం, “వానొస్తుందో రాదో చెప్పడానికి సైన్యమెందుకూ, మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ చాలదూ?” అని ఇల్లంతా నవ్వించింది. ఆ నవ్వు ఇంకా చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. ఇక్కడ కుదరకపోతే అన్నయ్య చూసిపెట్టిన బట్టల కొట్టే గతి. బతుకంతా కౌంటర్ వెనకాల నిలబడి చీరలు మడతపెట్టాలి.

“నేను ఆకాశం చూసి చెప్పగలను సార్” అంది.

“చెబుతుందట!” ఆయన పెదవి విరిచాడు. “పెద్ద ఆఫీసరువైపోతావనుకున్నావా? ఉత్త జవానువి. రాదన్న వాన వస్తే తిట్లు నీకు. వస్తుందన్న వాన రాకపోతే తిట్లు నీకు. చెప్పింది చెప్పినట్టు జరిగితే మెడల్ హెలికాప్టర్ నడిపినోడికి.”

“తిట్లు నాకు కొత్త కాదు. ఇంట్లో వదినుంది.”

ఆయన నవ్వలేదు. ఫోను మోగింది. దాని వంక చూడను కూడా లేదు. అది మోగీ మోగీ దానంతటదే ఊరుకుంది. ఇలాంటి వాళ్ళని కూర్చోబెట్టి జీతాలిస్తున్నారు కదా అని ఆమెకి ఒళ్ళు మండింది.

“ఏసీ గదిలో, కంప్యూటర్ ముందు పని. మీ పోస్టర్లోనే ఉంది” అంది వేలు చూపించి.

“పోస్టర్లో ఉంటుంది, ఎందుకుండదు! కొండ మీద హెలికాప్టర్ దిగాలంటే అక్కడ గాలెలా ఉందో ఎవరు చెప్పాలి? నీ ఏసీ గది చెబుతుందా? అందరికంటే ముందు అక్కడ ఒకణ్ణి దింపుతారు. ఒంటరిగా. చేతిలో ఓ రేడియో, గాలి కొలిచే మర. వాడు రమ్మంటే వస్తారు. వద్దంటే రారు.”

“మంచిదేగా. అందరి ప్రాణాలూ…”

“మరి వాణ్ణి తీసుకెళ్ళేదెవరు? ఆ హెలికాప్టర్లేగా!” ఆయన బల్ల మీద చరిచాడు. “ఒకడికి అదే జరిగింది. శత్రువులు కొండ చుట్టూ ఉన్నారు. ‘గాలి బాగుంది, రండి’ అని ఒక్క అబద్ధం ఆడితే వచ్చేవాళ్ళు. వచ్చి కొండకి గుద్దుకునేవాళ్ళో, వాణ్ణి ఎక్కించుకునేవాళ్ళో, దేవుడికెరుక. వాడు రావద్దన్నాడు. ఆఖరిదాకా అదే మాట. వెధవ! పెద్ద సత్యసంధుడు!”

“తర్వాత?”

“తర్వాతేముంది. గాలి తగ్గాక వెళ్ళారు. తెచ్చారు.”

ఆమెకి భయమేసింది, నిజంగానే భయమేసింది. అయినా లేవలేదు.

“దరఖాస్తు ఇవ్వండి. ఇంటికెళ్ళి ఆలోచించుకుంటాను.”

“అయిపోయాయి.”

“ఆ బీరువాలో ఉన్నవేంటి? అద్దంలోంచి కనిపిస్తున్నాయి.”

“తాళం వేసుంది.”

“తియ్యండి.”

“తాళంచెవి లేదు. నీతో నాకేంటి వాదన? లే ముందు, పో!”

మెడ పట్టి గెంటడమే తక్కువ. ఆమె విసురుగా లేచి మెట్లు దిగింది. సగం మెట్ల మీద, బ్రేవుమని తేన్చుకుంటూ ఎదురొచ్చిన లావుపాటి మనిషి ఒకడు పక్కకి ఒదిగి దారిచ్చాడు.

వీధిలోకొచ్చి నిలబడింది. కొండ మీద ఒంటరిగా కూర్చున్న ఆ మనిషి కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. అలా చావాలని ఎవరికుంటుంది? ఆమెకీ లేదు. కానీ తన ఒక్క మాట మీద అన్ని ప్రాణాలు నిలబడ్డాయంటే, ఆ మాట చెప్పగలిగిన చోటు ఇంకెక్కడ దొరుకుతుంది? చీరల కొట్లోనా?

భయం పోలేదు. దాని మీదికి కోపమొచ్చి కూర్చుంది. ఇంట్లో వదిన వద్దంది, సరే, వదిన. ఇక్కడ కూర్చుని వచ్చినవాళ్ళని తరిమెయ్యడానికి అసలు ఈయనెవరు? దరఖాస్తు ఇస్తాడా, లేకపోతే పైవాళ్ళకి చెప్పి ఉద్యోగం ఊడబీకించనా?

వచ్చిన మెట్లే గబగబా ఎక్కింది. తలుపు మీద చెయ్యి వేసింది.

లోపల లావుపాటి మనిషి గొంతు వినిపించింది. “లే బాబాయ్, నా కుర్చీ నాకిచ్చేసి నువ్వెళ్ళి టీ పెట్టుగానీ, ఏంటో మరి, మీ వాడు ఆ కొండ మీద పోయినప్పట్నుంచీ వాతావరణ విభాగానికి ఒక్కళ్ళూ రావట్లేదు.”