ఆల్చిప్పల మొక్కు

"గేటు దగ్గర ఎవరో నిలబడ్డారు," అంది రత్నావతి.

కాంతయ్య వినిపించుకోలేదు.

పొయ్యి మీద జింకు రేకు, రేకు నిండా ఆల్చిప్పలు. నోరు తెరిచినదాన్ని తెరిచినట్టే పటకారుతో తీసి అరిటాకులో వెయ్యాలి. కాస్త ఏమరిస్తే రబ్బరైపోతాయి. రబ్బరు ఎస్టేటులో కిరాణిగా లెక్కలు రాసుకుని బతుకుతున్నా, రబ్బరు నమలడం కాంతయ్యకి ఇష్టం లేదు.

బంటింగులో అతని పెరడంతా చుట్టాలు, స్నేహితులు. మలయాకి మెర్దేకా, అదే స్వాతంత్ర్యం, వచ్చి ఇంకా నెల కాలేదు. కర్ఫ్యూ గొడవ లేదు. జనం గొంతెత్తి నవ్వుతున్నారు.

ఈ విందు పైడితల్లికి మొక్కు.

ఆరేళ్ళ కిందట, అడవిలో దాక్కుని తెల్లవాళ్ళ మీద పోరాడుతున్నవాడొకడు చీకట్లో వచ్చి ఆకలన్నాడు. కాంతయ్య జాలిపడి బియ్యం ఇచ్చాడు. ఆ రోజుల్లో అది చేతికి సంకెళ్ళు పడే నేరం. వారం తిరక్కుండా సోల్జర్లు వచ్చి ఎస్టేటు జనాన్నంతా వరసగా నడిపించి జల్లెడ పట్టారు. కాంతయ్య దొరకలేదు.

తల్లి వాళ్ళ కళ్ళు కప్పిందనుకున్నాడు. ఏటా పదిమందికి పెడతానని మొక్కుకున్నాడు.

మేకని కోస్తే, ఎవరికోసం ఇంత మాంసమని పోలీసులు నిలదీసే కాలం అది. అందుకని మొరిబ్ తీరంలో ఏరిన ఆల్చిప్పలతో సరిపెట్టాడు. తల్లి ఏమీ అనలేదు. అదే ఆనవాయితీ అయిపోయింది.

మొక్కు రోజు గుమ్మానికి వచ్చినవాళ్ళకి ఆకు వెయ్యకుండా పంపకూడదు. అదొక్కటే నియమం.

బియ్యం సంగతి మాత్రం కాంతయ్య తన భార్య రత్నావతికి కూడా చెప్పలేదు.

"ఏటండీ, పిలుస్తుంటే!" రత్నావతి మళ్ళీ అరిచింది. "పాపం, ఎండలో నిలబడ్డాడు."

పటకారు పట్టుకునే వెళ్ళాడు కాంతయ్య.

నెరిసిన గడ్డం, మాసిన చొక్కా, చంకలో చిన్న మూట. వయసు కనిపించినంత ఉండదు.

"కిరాణి అయ్యా, బాగున్నారా?" అన్నాడతను, అరవం కలిసిన తెలుగులో.

"ఎవరు నువ్వు?"

"మణియం. మొన్ననే ఒగ్గేసినారు. ఈ సుట్టుపట్ల నాకు తెలిసినోళ్ళు మీరొక్కరే." గొంతు తగ్గించాడు. "ఆ రేత్తిరి బియ్యం పెట్టినారు కదయ్యా."



కాంతయ్య చప్పున వెనక్కి చూశాడు. పొయ్యి పక్కనే పీట వేసుకుని పోలీసు సార్జెంటు సుప్పయ్య కూచున్నాడు. కూతురు పుష్పవల్లికి కాబోయే మామగారు. తాంబూలాలు పుచ్చుకునేది వచ్చే వారమే.

ఆ మాట సుప్పయ్య చెవిన పడితే సంబంధం పోతుంది. ఉద్యోగం పోతుంది. ఆ చట్టం ఇంకా పోలేదు, లాకప్పులో కూచోవాలి.

"నేనెవరికీ బియ్యం ఇవ్వనేదు," అన్నాడు కాంతయ్య. "నిన్నెప్పుడూ సూణ్ణేదు. ఎవరనుకుని ఎవరింటికొచ్చినావో!"

మణియం అతని మొహంలోకి చూశాడు. తర్వాత పెరట్లోకి చూశాడు. పీట మీది మనిషిని పోల్చుకున్నట్టున్నాడు.

"తప్పయిపోనాది అయ్యా," అన్నాడు. "నేనూ మిమ్మల్ని ఎరగను."

కోపం లేదు ఆ గొంతులో. అదే కాంతయ్యకి చిరాకు తెప్పించింది.

"అయితే ఎల్లు, ఎల్లు!"

మూట సర్దుకుని బస్సు రోడ్డు వైపు కదిలాడు మణియం. ఎడమకాలు కాస్త ఈడుస్తున్నాడు.

రత్నావతి ఆకు పట్టుకుని పరుగున వచ్చింది.

"పంపేసినారా? మొక్కు రోజు!"

"ఇల్లు తప్పి వచ్చినాడు."

"ఇల్లు తప్పితే ఆకలెయ్యదేటి? పొట్లం కట్టి ఇచ్చొస్తాను."

"నువ్వు లోపలికి పద."

ఆవిడ కదల్లేదు. "మీకేదో అయింది," అంది.

కాంతయ్య పొయ్యి దగ్గరికొచ్చాడు. రేకు మీదివి మాడిపోయాయి.

"బావగారూ, రబ్బరు పెడుతున్నారు లా!" మలయావాళ్ళ 'లా' తగిలించి సుప్పయ్య నవ్వాడు. నవ్వు ఆపి రోడ్డు వైపు చూశాడు. "ఇప్పుడెల్లినాడే, మణియం కాదూ?"

కాంతయ్య పటకారుతో మాడినవి ఏరసాగాడు. "నాకు తెలీదు."

"మీకెలా తెలుస్తాది లెండి, ఆ రోజు ఆడి మొహం సూసుంటే కదా! అడవిలో నేనే పట్టుకున్నాను ఆడ్ని. ఖైదీల కేంపు నుంచి వదిలేసినారన్నమాట. ఆరేళ్ళు!"

"ఏం సేసినాడు?"

"ఏటీ సెయ్యలేదు. అదే తప్పు. నీకు బియ్యం ఇచ్చినోడ్ని సూపించు, ఈ పూటే ఇంటికి పంపుతానన్నాడు దొర. నాకెవులూ తెలీదన్నాడు. రెండు రోజులు తిండి లేదు. కాలు ఇరిగింది. అయినా అదే మాట."

"ఎక్కడ... ఎక్కడ సూపించమన్నారు?"

"మీ ఎస్టేటులోనే లా. మీరూ వరసలో నడిచినారు కదా."

కాంతయ్య పటకారు పారేసి పరిగెత్తాడు. వెనక రత్నావతి పిలుస్తోంది, సుప్పయ్య ఏదో అడుగుతున్నాడు.

రోడ్డెక్కేసరికి క్లాంగ్ ఊరికి వెళ్ళే బస్సు కదిలిపోయింది. చెయ్యి ఊపాడు, కేకేశాడు. ఆగలేదు.

ఆ రోజు ఎస్టేటు ఆఫీసు ముందు, తలమీంచి గోనెసంచి ముసుగు వేసుకుని కుర్చీలో కూచుని, రెండు కన్నాల్లోంచి తన మొహంలోకి చాలాసేపు చూసి, ఎరగనని తల అడ్డంగా ఊపిన మనిషి ఆ బస్సులో ఆకలితో వెళ్ళిపోయాడు.