ముందు చక్రం

“నేను మెకానిక్కుని కాను. బండి తీసుకుపో,” అన్నాడు నూకయ్య, గేటు తెరవకుండానే.

గేటు అవతల మోటారుసైకిలు పట్టుకుని నిలబడ్డవాడు మార్టిన్. నూకయ్యకి స్వయానా అల్లుడు. నూకయ్య అతని మొహం ఎన్నడూ చూడలేదు. రాంచీ నుంచి వలసొచ్చినవాళ్ల కుర్రాణ్ణి కట్టుకుందని, రెండేళ్లుగా కూతురి పేరే తన ముందు ఎవర్నీ ఎత్తనివ్వడు. దీవిలో అవతల ఉన్న ఫెరార్గంజ్ ఊళ్లో ఆ కూతురు రామలక్ష్మి నాన్న మీద బెంగతో చిక్కి సగమైంది. ముసలాయన్ని ఎలాగైనా మెత్తబరచాలని మార్టిన్ వచ్చాడు. పేరు చెబితే పని గేటు దగ్గరే ఆగిపోతుందని తనెవరో చెప్పలేదు.

“ముందు చక్రం గుర్రుమంటోంది, చాచా. ఫెరార్గంజ్ దాకా పోవాలి. ఈ డైరీ ఫార్మ్ పేటలో ఎవర్ని అడిగినా మీ పేరే చెప్పారు.”

“చెప్పినోళ్లనే చెయ్యమను.”

మార్టిన్ కదల్లేదు. “ఫెరార్గంజా?” అని గొణిగి, నూకయ్య విసుక్కుంటూ గొళ్లెం తీశాడు.

పెరట్లో బండి కింద దుంగ పెట్టి ముందు చక్రం పైకి లేపాడు. తిప్పాడు. చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. మళ్లీ తిప్పాడు.

“బేరింగులు పోనాయి. రెండూ మార్చాల.”

మార్టిన్ తెల్లబోయాడు. “నిజంగా పోయాయా?”

“గుర్రుమంటోందన్నది నువ్వా, నేనా?”

“నేనే. కానీ బజార్లో దొరకవు కదా చాచా. మదరాసు ఓడ వస్తే గాని…”

“నా దగ్గరున్నాయి.”

బిస్కెట్ల డబ్బాలోంచి నూనె కాగితంలో చుట్టిన కొత్త జత తీశాడు. ఇరుసు ఊడదీసి, చక్రాన్ని రెండు ఇటుకల మీద పడుకోబెట్టాడు. ఇనప చువ్వని చక్రం నడుమ ఉన్న హబ్బులోకి దూర్చి అడుగు బేరింగు అంచుకి ఆనించాడు.

“చువ్వ పట్టుకో. ఒక దెబ్బ ఇటు, ఒక దెబ్బ అటు. ఒకే పక్క కొడితే వంకరగా బిగుసుకుపోతాది.”

నాలుగో దెబ్బకి సుత్తి జారి మార్టిన్ బొటనవేలి మీద పడింది.

“ఓలమ్మో!” అన్నాడు మార్టిన్.

మళ్లీ ఎత్తిన సుత్తి గాల్లోనే ఆగిపోయింది.

“ఆ మాట ఎవరు నేర్పినారు?”

“దోస్తులు.”

“మాలో ఆడోళ్లంటారు ఆ మాట.”

మార్టిన్ వేలు నోట్లో పెట్టుకున్నాడు. నూకయ్య లేచి వెళ్లి, చేపలు నిలవుంచే పెట్టెలోంచి ఐసు ముక్క తెచ్చి అతని చేతిలో పెట్టాడు. తర్వాత చువ్వా తనే పట్టుకుని, సుత్తీ తనే కొట్టాడు.

పాత బేరింగులు రెండూ ఊడివచ్చాయి. హబ్బుని కిరసనాయిలుతో కడిగి తుడిచాడు. కొత్త వాటిని ప్లాస్టిక్ సంచిలో మూట కట్టి, చేపల మధ్య ఐసులోకి తోశాడు.

“చల్లబడితే అవి ముడుచుకుంటాయి. హబ్బు మీద వేణ్ణీళ్లు పోస్తే అది సాగుతాది. అప్పుడు బలవంతం లేకుండా దిగుతాది.”

“ఎంతసేపు, చాచా?”

“గంట. అందాకా తిను.”

వద్దన్నా వినలేదు. సత్తు పళ్లెంలో అన్నం పెట్టి చేపల పులుసు పోశాడు. మార్టిన్ మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

“అచ్ఛా ఉంది. మా ఇంట్లోనూ ఇదే రుచి,” అనేసి నాలుక కరుచుకున్నాడు.

“అలాగా,” అని నూకయ్య ఇంకో ముక్క వేశాడు. “ఇంట్లో ఎవరుంటారు?”

“నేనూ, మా ఆవిడా.”

“తిండి బాగా తింటాదా?”

“ఈమధ్య తినడంలేదు.”

“ఏం?”

“బెంగ.”

నూకయ్య మజ్జిగ పొయ్యబోయి పళ్లెం పక్కన పోశాడు.

తిన్నాక హబ్బు మీద మరుగుతున్న నీళ్లు పోసి, తుడిచి, ఐసులోంచి తీసిన కొత్త బేరింగుని గూట్లో పెట్టాడు. దాని మీద పాత బేరింగు ఆనించి, చుట్టూ చిన్న చిన్న దెబ్బలు వేశాడు. చక్కగా దిగింది. రెండోది కూడా అలాగే దించి, గ్రీజు పెట్టి, చక్రం బిగించి తిప్పాడు. చప్పుడే లేదు.

మార్టిన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “చాచా, మీకో మాట చెప్పాలి.”

“చెప్పకు. చెబితే నేను గేటు వేసుకోవాల.”

మార్టిన్ తల దించుకుని బండి గేటు దాకా నడిపించాడు. నూకయ్య వెనకాలే వచ్చాడు. పాత బేరింగుల్ని గుడ్డలో కట్టి అతని జేబులో వేశాడు.

“పారెయ్యకు. వీటికేటీ కాలేదు. ఇంకో పదేళ్లు తిరుగుతాయి. ఇందాక చక్రం తిప్పినప్పుడే తెలిసింది నాకు.”

నూకయ్య గేటు మూసి, గొళ్లెం పెట్టి, రోడ్డుకేసి చూస్తూ అన్నాడు:

“వచ్చే ఆదివారం వెనక చక్రం గుర్రుమంటాది. నీ పెళ్లాం కూర్చుంటే గాని ఆ చప్పుడు వినబడదు, దాన్ని కూడా ఎక్కించుకురా.”