జమ్లీ దాది చెప్పిన ఇంగ్లీషు

మధ్యాహ్నం రెండింటికి దీప తండాలో ఆటో దిగింది. భుజానికి సంచి లేదు. చేతిలో ఇంగ్లీషు పుస్తకం ఒక్కటే ఉంది.

గడప మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తున్న నానమ్మ జమ్లీ తలెత్తి చూసింది.

"సెలవులు గూడ కాదు, ఎట్లొచ్చినవే?"

"రేపు పరీక్ష దాదీ. ఒక కథ అర్థమైతలేదు. నీతోని చెప్పించుకుందామని వచ్చిన. బీపీ గోలీ వేసుకున్నవా?"

"పొద్దుగాలనే వేసుకున్న. మీ అమ్మనే బువ్వ గూడ తినకుండ ఎటో ఉరికింది."

"వస్తదిలే," అంటూ దీప ఆమె పక్కన కూలబడింది.

నాలుగింటి లోపల ఈ పాఠం దాదికి అర్థం కావాలి. నాలుగు దాటితే చెప్పడానికీ వినడానికీ తీరిక దొరకదు.

ఏబీసీడీలు రాని ముసలమ్మ ఇంటర్ పిల్లకు ఇంగ్లీషు చెప్పడమేమిటని నవ్వకండి. మహబూబాబాద్ కాలేజీలో చేరిన కొత్తలో ఏదో కథలో 'ఇల్లు ఊపిరి బిగబట్టింది' అని చదివి దీప తికమకపడింది. ఇంటికి ముక్కెక్కడిదని సారునే అడిగేసింది. క్లాసంతా పడీ పడీ నవ్వింది. సెలవుల్లో ఇంటికొచ్చి, ఉడుక్కుంటూ ఆ మాటనే తమ లంబాడీ భాషలో చెప్పింది.

"ఇంట్ల ఏదో కీడు జరిగేటట్టున్నది, అందరు భయపడుతున్నరు. గంతే గదనే!" అంది దాది, చేస్తున్న పని ఆపకుండా.

ఆమెకు ఇదేం కొత్త? తండాలో ఎవరు పోయినా ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకొని రాగం తీసి ఏడుస్తారు. ఆ ఏడుపు పాట ఎత్తుకునేది జమ్లీయే. నలభై ఏళ్ళుగా పాడుతోంది గానీ 'చచ్చిపోయాడు' అనే మాట ఆమె పాటలో ఒక్కసారీ రాలేదు. నాగలి అలిగిందంటుంది. పొయ్యి పస్తు పడుకుందంటుంది. వినేవాళ్ళకు కడుపు తరుక్కుపోతుంది.

అప్పటి నుంచి కథల్లో వర్ణన ఎక్కడ కనబడ్డా దీప దాది దగ్గరికే మోసుకొచ్చేది. ఇంగ్లీషు మార్కులు డెబ్బై దాటాయి. జమ్లీ కొడుకు చత్రు లారీ డ్రైవరు. తన బిడ్డ మార్కుల గురించి కేసముద్రం మార్కెట్లో కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.

దీప పుస్తకం తెరిచింది.

"'పొద్దు నడినెత్తిన ఉండంగనే ఆ ఇంట్ల చీకటి పడ్డది.' అంటే ఏంది దాదీ?"

"గదేందే, ఎప్పుడు ముందుగాల ఇంగ్లీషుల టస్సుపుస్సుమని చదువుతవు గద?"

"టైం లేదు. చెప్పు."

"ఆ ఇంటికి పెద్ద దిక్కు పోయింది. గింత తెల్వదా? కండ్లల్ల నీళ్ళేందే పిచ్చిదానా? పరీక్ష పోతదని బుగులా?"

దీప కళ్ళు తుడుచుకుంది. "'గుర్రం బాట మీద నిలబడి, తోలేటాయన ఇంక ఎక్కుతలేడేందని చూస్తున్నది.'"

"ఆయన ఇగ ఎక్కడు," అంది దాది.

ఆమె చేతులు చింతపండులోనే ఆగిపోయాయి. బయట ఎవరిదో మేక అరిచింది.

"ఆయనకు బాగ నొప్పి తెలిసిందా? గది రాసిన్రా?"

"రాసిన్రు దాదీ. 'బాట ఆయనను పసిపిల్లగాని లెక్క ఒళ్ళె పండవెట్టుకున్నది' అని రాసిన్రు."

"అంటే సుకంగనే పోయిండు."

"ఔ దాదీ. అట్లనే పోయిండు." పుస్తకంలో పేజీ ఇంకా తిరగలేదు.

"ఆయనకు తల్లి ఉన్నదా?"

"ఉన్నది. ఆమెకు ఇంక తెల్వదు. ఎట్ల చెప్పాల్నో ఎవ్వరికి సమజైతలేదు."

"పాపం," అంది దాది. ఆ మాట ఎవరి గురించి అన్నదో దీపకు తెలియలేదు.

ముసలామె చింతపండు చాట పక్కకు జరిపింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. మనవరాలి చేతిలోని పుస్తకాన్ని మెల్లగా మూసి, ఆమె తలను దగ్గరికి తీసుకుంది.

"మంచిగ చెప్పినవు బిడ్డా, ఇగ చాలు... నా కొడుకును ఎన్నింటికి తెస్తున్నరు?"