కట్ చెప్పేదాకా

“భయపడబాకమ్మా ప్రసన్నా. తల వంచుకోని కూర్చో, అంతే. మహేష్ అన్న కట్ అనేదాకా పైకి లేయబాక” అన్నాడు బాలకృష్ణ, కూతురి నుదుటి మీద బాసికం సరిచేస్తూ.

ప్రసన్న తల ఊపింది.

పదో తరగతి పిల్ల. పుల్లలచెరువు అవతల, అడవి అంచున ఉన్న ఆ ఊళ్లో సినిమా తీయడం ఇదే మొదలు. చిన్న వయసులోనే ఆడపిల్లలకు పెళ్లి చేసే అన్యాయం మీద సినిమా అట. మార్కాపురం నుంచి కెమెరా తెచ్చిన మహేష్ వేషాలు పంచేశాడు. పెళ్లికూతురు ప్రసన్న. తండ్రి వేషం తండ్రికే, తల్లి వేషం తల్లికే. పంతులు వేషానికి పంతులు గారే.

“అసలోళ్లయితే నటన నేర్పే పనుండదు” అన్నాడు మహేష్.

పెళ్లికొడుకు వేషానికి మాత్రం అర్ధవీడు నుంచి ఓబులేసు వచ్చాడు. ముప్పై ఏళ్లు దాటినవాడు. పీటల మీద పక్కన కూర్చోగానే అతని మోకాలు తగిలింది. ప్రసన్న ముడుచుకుపోయింది.

“అన్నా, నాకు భయమేస్తాంది. డైలాగు మర్చిపోతే?”

“నీకు డైలాగే లేదు చెల్లెమ్మా. ఆ భయమే గావాల. మొహం అట్లనే పెట్టు.”

పందిట్లో జనం నవ్వారు. అమ్మ కృష్ణమ్మ ఒక్కతే నవ్వలేదు. పొద్దుటి నుంచీ ఏడుస్తూనే ఉంది. కెమెరా ఇటు తిరగనప్పుడు కూడా ఏడుస్తోంది. అమ్మకు ఇంత నటన ఎక్కడిదో ప్రసన్నకు అర్థం కాలేదు.

అంతలో జీపు వచ్చి ఆగింది. మండలం ఆఫీసు నుంచి ఆఫీసరు మేడం, వెనక ఒక కానిస్టేబుల్. ఎవరో ఫోన్ చేశారట.

నవ్వులు ఆగిపోయాయి. నాయన చేయి తన భుజం మీద బిగుసుకోవడం ప్రసన్నకు తెలిసింది.

“ఏం జరుగుతోంది ఇక్కడ?”

మహేష్ ఎదురెళ్లాడు. “షూటింగ్ మేడం. బాల్యవివాహాలు తప్పని చెప్పే సినిమా.”

మేడం నమ్మలేదు. నేరుగా వచ్చి ప్రసన్న ముందు వంగింది. “నిజం చెప్పు పాపా. ఎవరన్నా బెదిరించారా?”

“లేదు మేడం, సినిమానే. రేపు బడికి పోతాను. మా సైన్సు టీచరు మీకు కనపడితే చెప్పండి, పరీక్షకు అంతా చదువుకున్నానని.”

మేడం ముఖం విచ్చుకుంది.

“మంచి టైముకు వచ్చినారు మేడం” అన్నాడు మహేష్. “పెళ్లి ఆపే ఆఫీసరు వేషానికి మనిషి దొరకలేదు. ఒక్క డైలాగు మీరే చెప్పరాదూ?”

“అబ్బే, నాకేం వస్తుందయ్యా!” అంటూనే మేడం కొంగు సర్దుకుని కెమెరా ముందు నిలబడింది. గొంతు పెంచింది. “ఆపండి ఈ పెళ్లి! చదువుకునే పిల్లకు పెళ్లేంటి?”

బాలకృష్ణ రెండు చేతులూ జోడించాడు. “గొర్రెలు తోలుకోని మేము అడివి దిక్కు పోతే ఎప్పటికి వస్తామో మాకే తెల్దు తల్లీ. ఈడొచ్చిన పిల్లను ఒంటరిగా ఎట్ల వదిలిపెట్టేది?” కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

“భలే చేసినావు బావా!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. అందరూ చప్పట్లు కొట్టారు. కానిస్టేబుల్ కూడా.

మేడం సిగ్గుపడింది. “సినిమా వచ్చినప్పుడు నాకు చెప్పడం మర్చిపోవద్దు” అని, ఇచ్చిన టీ తాగి జీపెక్కింది.

ప్రసన్నకు ఊపిరి ఆడింది. పెద్ద సీను అయిపోయింది. ఇంకెంతసేపు! బాసికం కింద దురద పెడుతున్నా ఓర్చుకుని, తల వంచుకుని, కట్ అనే మాట కోసం ఎదురుచూసింది.

జీపు తారురోడ్డు ఎక్కిందని ఫోన్ రాగానే, మహేష్ బ్యాటరీ లేని కెమెరాను పెట్టెలో పెట్టేసి, “ఇంక కానీయండి స్వామీ, ముహూర్తం దాటిపోతాది” అన్నాడు పంతులుతో.