వేడెక్కిన నదిలో ఒక్క చేప

నీళ్లలో చెయ్యి పెట్టి చూసి ఆరిన్ తన ఖర్మను తిట్టుకున్నాడు. ఇంకా పూర్తిగా తెల్లారనే లేదు, నది అప్పుడే గోరువెచ్చగా ఉంది. ఇలాంటి నీళ్లలో, చల్లటి నీళ్లకు అలవాటుపడ్డ ట్రౌట్ చేపకు ఊపిరాడదు. ఊపిరాడని చేప ఎర వైపు కన్నెత్తి కూడా చూడదు.

మొంటానా కొండల్లో ఆ ఏడు మంచు ముందే కరిగిపోయింది. ఆగస్టు వచ్చేసరికి నదిలో నీళ్లు తగ్గి, బండలు పైకి తేలాయి. వాటిలో ఒకటి తగిలే ఆరిన్ దంపతుల రబ్బరు పడవ చిరిగిపోయింది. తిండి సంచి కొట్టుకుపోయింది. ఒడ్డుకు చేరే పెనుగులాటలో భార్య డార్లీన్ కాలు విరిగింది. మిగిలిందల్లా అతని గాలం కర్ర, ఎరగా వాడేందుకు ఈకలతో కట్టిన ఉత్తుత్తి పురుగుల డబ్బా, ఆమె జేబులోని లైటరు.

కొండ దాటితే అటవీ కాపలావాళ్ల గుడిసె ఉంది. కానీ నిన్న సగం ఎక్కేసరికే కళ్లు బైర్లు కమ్మి ఆరిన్ కూలబడ్డాడు. పడవ చిరిగినప్పటి నుంచి ఇద్దరి కడుపులోకీ నీళ్లు తప్ప ఏమీ పోలేదు. పొదల్లో పళ్లను ఎండ మాడ్చేసింది. ఒక్క చేప కడుపులో పడితే అతను కొండ దాటగలడు. లేకపోతే ఇద్దరి బతుకూ ఇక్కడే తెల్లారిపోతుంది.

"మంట సిద్ధంగా ఉంది మహానుభావా," అంది డార్లీన్, బండకు ఆనుకుని. నొప్పికి మొహం పాలిపోయింది గానీ నోరు మాత్రం తగ్గలేదు. "పెళ్లయిన దగ్గర్నుంచీ ప్రతి ఆదివారం నదిలోనే పడుంటావు. ఒక్క తోకైనా మన వంటింటి గడప తొక్కిందా?"

"ఇవాళ తొక్కుతుంది."

"వంటిల్లెక్కడో చూసుకుని మరీ రా. ఇవాళ మన వంటిల్లు ఈ నాలుగు పుల్లలే."

ఆరిన్‌కు నవ్వు రాలేదు. భయమేసింది. ఆమె గొంతు నిన్నటికంటే సన్నబడింది.

కొండ చరియ నుంచి ఒక సన్నటి ఊట నదిలోకి జారుతోంది. ఆ పాయ కలిసే చోట నీళ్లు చల్లగా తగిలాయి. చేప అంటూ ఉంటే అక్కడే ఉండాలి. మోకాళ్ల మీద పాకుతూ వెళ్లి, నల్లచీమలాంటి ఎరను నీళ్ల మీద వాల్చాడు.

ఒక నీడ పైకి లేచింది. ఎరను చూసింది. వెనక్కి దిగిపోయింది.

ఇంకోసారి విసిరాడు. మళ్లీ అంతే. ఎదుటి కొండ మీద ఎండ కిందికి దిగుతోంది. అది నీళ్లను తాకిందంటే ఈ రోజుకు చేప కదలదు. రేపటికి తనకు నిలబడే ఓపిక ఉండదు. చేప కంటపడకుండా డబ్బాలోంచి మరింత సన్నటి దారం తీసి ముడేసి, దేవుణ్ణి తలుచుకుని విసిరాడు.

దారం బిగుసుకుంది.

"లాగకు, తెగుద్ది," అంది డార్లీన్.

"కాసేపు నోర్మూసుకుంటావా?"

"మూశాను. తెంపావంటే చంపుతా."

చేప అటూ ఇటూ ఉరికింది. ఆరిన్ దారం వదిలాడు, చుట్టాడు, మళ్లీ వదిలాడు. అలసిపోయిన చేప చివరికి అతని మోకాళ్ల దగ్గరకొచ్చి పక్కకు ఒరిగింది.

"ఎంతుంది?"

"మోచెయ్యంత."

డార్లీన్ ఏడ్చేసింది. కళ్లు తుడుచుకుంటూ మంటలోకి ఇంకో పుల్ల తోసింది.

ఆరిన్ చేప పొట్ట కింద అరచెయ్యి వేసి గాలం ఊడదీశాడు. అలవాటైన పనిని చేతులు వాటంతటవే చేసుకుపోతున్నాయి.

ఇన్నేళ్లుగా సరదాకు పట్టిన ప్రతి చేపనూ సాగనంపినట్టే, దీని తలను కూడా ప్రవాహానికి ఎదురుపెట్టి, ఊపిరి కుదుటపడేదాకా పట్టుకుని, మెల్లగా నీళ్లలోకి వదిలేశాక గానీ ఆరిన్‌కు ఆకలి గుర్తు రాలేదు.