లిఫ్టులో పట్టే ఆవు

ప్రదీప్ టేపు తెరిచి నేల నుంచి వీపు దాకా కొలిచాడు. రెండు అడుగుల పది అంగుళాలు. ఫోన్లో రాసుకున్న లిఫ్టు కొలతలు మరోసారి చూసుకున్నాడు.

"ఆవంటే ఇలా ఉండాలి సుప్రియా. హాయిగా పట్టేస్తుంది."

భార్యాభర్తలది బెంగళూరులో తొమ్మిదో అంతస్తు. ఆ అపార్టుమెంటులో కుక్కలు పాతబడిపోయాయి. మూడో అంతస్తు జాహ్నవి పొట్టి ఆవును తెచ్చి సోఫా పక్కన నిలబెట్టి ఫొటోలు పెట్టినప్పటి నుంచి సుప్రియకు అన్నం సహించడం లేదు. ఆదివారం పొద్దున్నే కారెక్కి పుంగనూరు వచ్చేశారు.

అమ్మే రైతు గోవిందప్ప తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. బోరు ఎండిపోయింది. మేత కొనడం ఇక అతని వల్ల కాదు. పోయిన వారం వచ్చిన కుప్పం వాళ్లు ఆలోచించుకుంటామని వెళ్లి మళ్లీ రాలేదు. ఈ బేరం ఈ రోజే తెగాలి.

"పాలు ఎన్ని ఇస్తుంది?" అడిగాడు ప్రదీప్.

"పాల కోసరం కొంటాండారా సార్?"

"అబ్బే, పాలు యాప్‌లో వస్తాయి."

"కొమ్ములు కూడా లేవు. సోఫా చిరగదు," అంది సుప్రియ. "ఏం తింటుందండీ?"

"గడ్డి మేస్తాదమ్మా. కొన్నాళ్లు పాలు కూడా పట్టండి. గారాబంగా పెంచినాం."

"ఆవుకు మనం పాలు పట్టడమా? వీడియోకు భలే ఉంటుంది."

గడపలోంచి గోవిందప్ప భార్య శారదమ్మ తొంగి చూసింది. "అట్లే మాట్లాడతా ఉంటే పొద్దు పోతాది. కాఫీ తాగి బయల్దేరమను."

ప్రదీప్ టేపు చుట్టేశాడు. "ఈ రోజు కాదండీ. మా పంతులుగారు వచ్చే నెల పన్నెండున ముహూర్తం పెట్టారు. అప్పుడొచ్చి తీసుకెళ్తాం."

గోవిందప్ప ఒక అడుగు ముందుకేశాడు.

"వచ్చే నెలకి నేను మాటియ్యలేను సార్. ఈ పొద్దు ఏకాదశి. ఇంతకన్నా మంచి దినం యాడుండాది?"

"జాహ్నవి కూడా ఏకాదశికే తెచ్చుకుంది," అంది సుప్రియ భర్త వైపు గుర్రుగా చూస్తూ.

ముహూర్తం మారిపోయింది.

"ఒరిజినల్ పుంగనూరు జాతేగా?" చివరిసారి అడిగాడు ప్రదీప్.

"ఈ దొడ్లోనే పుట్టింది సార్. నా చేతుల మీదనే. దేవుని సాక్షిగా చెప్తాండాను."

కారు వెనక సీటు మడిచి యోగా మ్యాట్ పరిచారు. సుప్రియ దాని మెడలో ఎర్ర రిబ్బను కట్టి సెల్ఫీ తీసుకుంది. గోవిందప్ప దాని నుదుట కుంకుమ పెట్టి, ఆ చేతిని కళ్లకద్దుకున్నాడు.

కారు మలుపు తిరిగాక, శారదమ్మ పక్కింటి దొడ్లో దాచిన నిలువెత్తు జెర్సీ సీమావును తోలుకొచ్చి, ఇప్పుడే కారెక్కిపోయిన దాని మూడు నెలల దూడ గుంజకు కట్టేసింది.